బంతికి బడి పెట్టిన పంతుళ్ళు

సాంటియాగోలో ఒక ఉపాధ్యాయుని స్మృతి నూరేళ్ళ క్లబ్బుగా నిలిచింది. హైదరాబాదులో మరొక ఉపాధ్యాయుడు అంతకు తీసిపోని జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు ఏమయింది?

దక్షిణ అమెరికా ఖండానికి పడమటి అంచున, ఆండీస్ పర్వతాలకూ పసిఫిక్ మహాసముద్రానికీ నడుమ సన్నని పట్టీ వలె సాగిన దేశం చిలీ. దాని రాజధాని సాంటియాగో. ఆ నగరంలో కొలో కొలో అనే ఫుట్‌బాల్ క్లబ్బూ, చిలీ విశ్వవిద్యాలయం పేరిట వెలసిన క్లబ్బూ తలపడే రోజున ఊరు రెండుగా చీలిపోతుంది. ఒక పక్షానిది తెల్లచొక్కా, రెండవ పక్షానిది నీలిచొక్కా. ఆ దేశంలో ఇంతకు మించిన పోటీ లేదు.

ఆ తెల్లచొక్కాను కొంచెం పరికించి చూస్తే, రొమ్ము మీది క్లబ్బు చిహ్నానికి పైన ఒక నల్లని పట్టీ కనబడుతుంది. అది అలంకారం కాదు, సంతాప చిహ్నం. సుమారు నూరేళ్ళుగా ఆ క్లబ్బు ఆ పట్టీని వదలలేదు. గెలిచిన రోజునా ఉన్నది, ఓడిన రోజునా ఉన్నది. ఎవరి కొరకు ఇంత దీర్ఘమైన సంతాపం? ఏ రాజు కొరకో, సేనాపతి కొరకో కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో కన్నుమూసిన ఒక బడిపంతులు కొరకు.

నల్లపట్టీ కథ

ఆయన పేరు డేవిడ్ అరెయానో. ఉపాధ్యాయ శిక్షణ పొందిన యువకుడు. మగయానెస్ అనే పాత క్లబ్బులో ఆడేవాడు. ఆ క్లబ్బు కూడా 1897లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల విద్యార్థులు స్థాపించుకొన్నదే. జట్టు నడిచే తీరు మారాలని అరెయానో, ఆయనతోడి యువకులూ కోరారు. పెద్దలు అంగీకరించలేదు. యువకులు బయటికి వచ్చి 1925 ఏప్రిల్ 19న కొత్త క్లబ్బు పెట్టుకొన్నారు. స్పెయిన్ దండయాత్రను ఎదిరించిన మపూచే ఆదివాసుల నాయకుడు కొలో కొలో పేరును దానికి పెట్టారు. క్లబ్బు వయసు ఒక దినం; నాయకుడి వయసు ఇరవై రెండేళ్ళు.

మరుసటి సంవత్సరం సాంటియాగోలో దక్షిణ అమెరికా దేశాల పోటీలు జరిగాయి. అరెయానో ఏడు గోల్స్ చేసి అందరికన్న ముందు నిలిచాడు. 1927లో కొలో కొలో సముద్రాలు దాటి యూరప్ పర్యటనకు వెళ్ళింది. మే 2న స్పెయిన్‌లోని వయ్యడోలిడ్ నగరంలో ఆట జరుగుతూండగా, గాలిలో బంతికై ఎగిరినపుడు ప్రత్యర్థి ఆటగాడు అరెయానో కడుపును బలంగా తాకాడు. లోపలి గాయం విషమించింది. మరునాడే ఆయన మరణించాడు. చొక్కా మీద నల్లపట్టీ ఆనాడు వచ్చింది.

అదే నెల 24వ తేదీని చిలీ విశ్వవిద్యాలయ క్లబ్బు తన జన్మదినంగా లెక్కించుకొంటుంది. ఒక ఉపాధ్యాయుడు పుట్టించిన క్లబ్బుకు విద్యార్థుల క్లబ్బు చిరకాల ప్రత్యర్థి కావడం విచిత్రమే. 1959 నుండి 1969 వరకు ఆ నీలిజట్టు ఆరుసార్లు దేశ విజేతగా నిలిచింది. దాని ఆటలోని లాలిత్యాన్ని చూసి జనం ‘నీలి నాట్యబృందం’ అని పేరు పెట్టారు. కొలో కొలో 1991లో దక్షిణ అమెరికా క్లబ్బుల మహాపోటీ లిబెర్టడోరెస్ కప్పును గెలుచుకొన్నది. చిలీ క్లబ్బులలో ఆ కప్పు గెలిచినది నేటికీ అదొక్కటే.

ఈ రెండు క్లబ్బుల చరిత్ర అంతా విజయయాత్ర కాదు. విశ్వవిద్యాలయ క్లబ్బు 1988 పోటీల ముగింపులో రెండవ శ్రేణికి జారిపోయింది. కొలో కొలో 2002లో దివాలా తీసింది. నీలిజట్టుకు 2006లో అదే గతి పట్టింది. అభిమానుల ఆవేశం హద్దు మీరిన రోజులూ ఉన్నాయి. శతవార్షికోత్సవం జరుపుకొంటున్న 2025 ఏప్రిల్‌లోనే, కొలో కొలో మైదానం వెలుపల జరిగిన అలజడిలో ఇద్దరు చిన్నవయసు అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఇంత జరిగినా క్లబ్బులు మాత్రం నిలిచాయి. దివాలా తీసిన సంవత్సరమే కొలో కొలో తన సొంత కుర్రవాళ్ళతో ఆడి దేశ విజేత అయింది. నిర్వహణ కంపెనీల చేతికి పోయినా పేరు మారలేదు, రంగు మారలేదు, ఊరు మారలేదు. నేడు ఆ క్లబ్బు మైదానం పేరులో డేవిడ్ అరెయానో పేరు ఉన్నది.

మన పంతులు

ఇక మన నేలకు వద్దాం. తెలుగుదేశంలోనూ ఇటువంటి బడిపంతులు ఒకరు ఉండేవారు. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలయిన చోట్ల పాఠశాలలలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. అందరూ ఆయనను ‘రహీం సాహెబ్’ అనేవారు.

ఆ రోజులలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. 1911లో పాదరక్షలు లేని కాళ్ళతో ఆంగ్ల సైనిక దళం జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన మోహన్ బగాన్ క్లబ్బు పేరు దేశమంతటా మారుమ్రోగుతూండేది. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరి అప్పటికి రెండేళ్ళే అయింది. 1940 తరువాత ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు పోటీలు 1950లో మళ్ళీ మొదలయ్యాయి. తుది ఆటలో మోహన్ బగాన్‌కు ఎదురుగా నిలిచింది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు.

మొదటి ఆట సమంగా ముగిసింది. మళ్ళీ ఆడించారు. రెండవ ఆటలో హైదరాబాదు 1–0తో గెలిచింది. ఒక్క గోల్ తేడాయే; కాని దేశపు ఫుట్‌బాల్ పటంలో దక్షిణాది నగరం ఒకటి పెద్ద అక్షరాలతో చేరింది. అదే సంవత్సరం బొంబాయిలోని రోవర్స్ కప్పు కూడా ఈ జట్టుకే దక్కింది. ఆ తరువాత 1951, 1952, 1953, 1954లలోనూ రోవర్స్ కప్పు మరొక ఊరికి పోలేదు. వరుసగా అయిదేళ్ళు! 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ కప్పు మళ్ళీ వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో ఆడిన జట్టు 1961లో తుది ఆటలో మోహన్ బగాన్‌ను మరొకసారి 1–0తో ఓడించింది. రాష్ట్రజట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు వరుసగా రెండుసార్లు, 1956–57, 1957–58 సంవత్సరాలలో గెలుచుకొన్నది.

ఎడమకాలి పాఠం

ఈ జట్టులోని వారు ధనవంతుల బిడ్డలు కారు. సామాన్య కుటుంబాలలో పుట్టి, పోలీసుశాఖలో చిన్న ఉద్యోగాలు పొంది, ఆ జీతంతో ఇల్లు గడుపుకొంటూ ఆడినవారు. ఆట వారికి అన్నం పెట్టింది. ఆ భరోసా వలననే వారు ఆటకు సమయం ఇవ్వగలిగారు.

రహీం వారికి నేర్పినది ఏమిటి? ఆనాటి మన ఆటలో బంతి కాలికి చిక్కగానే నలుగురిని తప్పించుకొంటూ ఒంటరిగా పరుగెత్తడమే గొప్ప. డ్రిబ్లింగ్ అనబడే ఆ విద్యకు చప్పట్లు ఎక్కువ, ఫలితం తక్కువ. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి అంతకన్న వేగంగా పోతుంది. కనుక బంతిని పరుగెత్తించు, నీవు ఖాళీ చోటు చూసుకో అన్నది రహీం సిద్ధాంతం. దీనిని ఉపన్యాసంగా చెప్పక, ఆయన ఒక ఉపాయం చేశారు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందుకొన్నవాడు వెంటనే మరొకరికి అందించవలసిందే.

రెండవ ఉపాయం ఇంకా చిత్రమైనది. సామాన్యంగా ప్రతి ఆటగాడికీ ఒక కాలు వాటం, రెండవ కాలు మొండి. కుడికాలి వాటం వాడిని ఎడమ వైపుకు నెడితే చాలు, సగం బలం పోయినట్లే. అందువలన వాటంలేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను రహీం నిర్వహించారు. పిల్లవాడి చేత తప్పిన అక్షరాన్నే పదేపదే దిద్దించే పాతకాలపు పంతులు పద్ధతి ఇది. వచ్చిన పాఠాన్ని వల్లె వేయించడం సులభం. రాని పాఠం దగ్గర కూర్చోబెట్టడమే ఉపాధ్యాయుని పని.

ఆయన తానూ నిత్య విద్యార్థిగానే ఉన్నారు. 1953 నవంబరులో హంగేరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3తో ఓడించి ప్రపంచాన్ని విస్మయపరిచింది. ఆ జట్టులో సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడక వెనుకకు జరిగి ఆడాడు. అతడిని కాపలా కాయవలసిన ప్రత్యర్థికి సంకటం. వెంటబడితే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, వెంటబడకపోతే ఇతడు స్వేచ్ఛగా ఆట నడుపుతాడు. ఈ ఎత్తును రహీం అందిపుచ్చుకొని మన ఆటగాళ్ళకు నేర్పారు.

అమ్ముగూడ కుర్రవాడు

సికిందరాబాదు శివార్లలోని అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. తమిళ కుటుంబం. అతని ఆట రహీం కంటపడింది. హైదరాబాదు వచ్చి సాధన చేయమన్నారు. రావడానికి కుర్రవాడి దగ్గర బస్సు చార్జీకి కూడా డబ్బు లేదు. సైకిల్ అద్దెకు కావలసిన డబ్బు రహీమే ఇచ్చారు. ఆ కుర్రవాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962లో అర్జున పురస్కారం పొందాడు. 2023 ఫిబ్రవరిలో మరణించే నాటికి, భారతదేశం కన్న ఉత్తమ ఫార్వర్డులలో ఒకరుగా ఆయన పేరు స్థిరపడి ఉన్నది. సైకిల్ అద్దె పెట్టుబడిగా ఇంత లాభం తీసిన వ్యాపారి మరొకరు ఉండరు.

భారత జట్టుకూ రహీమే శిక్షకులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం లభించింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 ఘోరపరాజయం ఎదురయింది. మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఆడిన ఆట అది. ఆ దెబ్బ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు మెల్బోర్న్‌లో అదే భారత్ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. చివరకు నాలుగవ స్థానం దక్కింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఏనాడూ ఎక్కలేదు.

1962 సంవత్సరం చిలీకీ మనకూ కూడా మరపురానిది. ఆ మే, జూన్ నెలలలో ప్రపంచ కప్పు పోటీలు చిలీలోనే జరిగాయి. నీలిచొక్కా క్లబ్బు వీరుడు లియొనెల్ సాంచెస్ తోడుగా చిలీ మూడవ స్థానం సాధించింది. మూడు నెలలు తిరగకుండా, సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల తుది ఆటలో భారత్ దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. ఆ రోజు మైదానం నిండా మనపై ఆగ్రహించిన జనం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానీయకపోవడాన్ని భారతీయ ప్రతినిధి ఒకరు తప్పుపట్టడమే కారణం. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షణ స్థానం నుండి తీసి ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. ఆ ఆటకు ముందు రాత్రి తమ గురువు స్వర్ణపతకాన్ని కానుకగా కోరారని ఆ జట్టువారు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. అప్పటికే ఆయనను క్యాన్సర్ కబళిస్తున్నది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తరువాత మన దేశానికి మళ్ళీ రాలేదు.

దీపం ఆరలేదు, చెదిరింది

గురువు పోయిన వెంటనే విద్య పోలేదు. 1963లో ఆంధ్ర పోలీసులు రోవర్స్ కప్పు గెలిచారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ సాధించింది. యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... హైదరాబాదు గల్లీలు వీరులను కంటూనే వచ్చాయి. కాని వారిలో పలువురి పేర్లు కలకత్తా క్లబ్బుల జాబితాలలో చేరాయి. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా నిలిచినపుడు ఒక గోల్ చేసినది హైదరాబాదీ అయిన మహమ్మద్ హబీబే. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే తుదిశ్వాస విడిచారు.

వెళ్ళినవారిని తప్పుపట్టరాదు. ప్రతిభ ఎక్కడ గౌరవం ఉంటే అక్కడికి పోతుంది. విచారించవలసినది వేరొకటి. హైదరాబాదు జట్టు ఒక ప్రభుత్వశాఖ జట్టు. ఆటను ప్రేమించే అధికారి ఉన్నంతకాలం ఉద్యోగాలు, సాధన, ప్రయాణాలు అన్నీ సాగాయి. శాఖ దృష్టి మరలగానే ఆగిపోయాయి. దానికి సభ్యులు లేరు, సొంత మైదానం లేదు, అడిగే జనం లేరు. చప్పట్లు కొట్టినవారే తప్ప, ఇది మాది అని పట్టుబట్టిన వారు లేరు.

మన కాలపు అనుభవమూ ఇదే చెబుతున్నది. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె క్లబ్బు స్థానాన్ని హైదరాబాదు ఎఫ్‌సీ తీసుకొన్నది. మహమ్మారి కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరిగిన 2021–22లో, సొంత ఊరిలో ఒక్క ఆటయినా ఆడకుండానే, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయింది. ఆ తరువాత ఆర్థికపు ఇక్కట్లు చుట్టుముట్టాయి. 2025లో క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. కొలో కొలో కూడా దివాలా తీసింది. కాని దానిని సాంటియాగో నుండి మరొక ఊరికి తరలించాలన్న తలంపు ఎవరికైనా వచ్చి ఉంటే, ఆ నగరం ఊరుకొనేదా?

విల్లియనూరు పగ్గం

పుదుచ్చేరికి పడమట సుమారు పది కిలోమీటర్ల దూరాన విల్లియనూరు ఉన్నది. అక్కడి తిరుకామీశ్వరస్వామి రథోత్సవంలో ఒక ఆచారం చెప్పుకోదగినది. ఫ్రెంచివారి ఏలుబడిలో గవర్నరు వచ్చి జనంతోపాటు రథపు పగ్గం పట్టి లాగేవాడు. 1954 నవంబరులో ఫ్రెంచివారు వెళ్ళిపోయారు. వారి స్థానంలో వచ్చిన మన పాలకులు అదే ఆచారం కొనసాగించారు. ఏలికలు మారారు, జెండా మారింది; రథం మాత్రం ఆగలేదు. ఎందుకంటే అది గవర్నరు లాగడం వలన కదిలే రథం కాదు. ఊరు లాగుతున్న రథానికి గవర్నరు కూడా ఒక చేయి వేస్తున్నాడు, అంతే.

అదే 1954లో హైదరాబాదు పోలీసు జట్టు అయిదవసారి రోవర్స్ కప్పు ఎత్తింది. ఆ రథం అంతకన్న వేగంగా కదిలింది. కాని దాని పగ్గం కొందరు అధికారుల చేతిలోనూ, ఒక మహాగురువు చేతిలోనూ మాత్రమే ఉన్నది. ఆ చేతులు సడలినపుడు అందుకొనే చేతులు కరవయ్యాయి.

నేడు రహీం పేరు మళ్ళీ వినబడుతున్నది. ఆయన జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలయింది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా 1960 ఒలింపిక్స్ జట్టు సభ్యుడే, 2021లో మరణించారు. చిత్రం చూసి కన్నీరు పెట్టినవారు ఎందరో. అయితే స్మృతి రెండు విధాలు. ఒకటి విగ్రహానికి వేసే దండ, మరునాటికి వాడిపోతుంది. రెండవది చొక్కా మీది నల్లపట్టీ. ప్రతి తరం ఆటగాడూ దానిని ధరించి పరుగెత్తవలసిందే. మొదటిది గతాన్ని పొగుడుతుంది. రెండవది వర్తమానాన్ని పనిలో పెడుతుంది.

రహీం మనకు విడిచివెళ్ళిన ఆస్తి కప్పులు కావు, అవి అద్దాల బీరువాలలో ఉంటాయి. ఆయన విడిచినది ఒక పద్ధతి. ఒంటరి పరుగును మాన్పించి చేయూతను నేర్పే పద్ధతి. మొండి కాలిని పనిలోకి తెచ్చే పద్ధతి. అది ఏ కంపెనీ సొత్తూ కాదు, మరొక నగరానికి తరలించగలదీ కాదు. వాటంలేని కాలితో మాత్రమే ఆడే ఒక పోటీని తెలుగునాట ఏ పల్లెబడిలోనైనా మొదలుపెట్టవచ్చు. దానికి కావలసినవి ఒక బంతి, ఒక ఖాళీ సాయంకాలం, ఒక ఉపాధ్యాయుడు.